డాక్‌లో పెట్టినా హార్డ్ డిస్క్ కనిపించట్లేదా? ‘ఫార్మాట్’ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి

ఇంట్లో పాత డెస్క్‌టాప్ మూలపడిపోయింది. పండక్కి ఇల్లు సర్దుతూ అమ్మ ‘ఆ డబ్బా ఇంకా ఎందుకురా’ అంది. తూకానికి వేసేముందు లోపలున్న హార్డ్ డిస్క్‌ని మాత్రం ఊడదీసి దాచారు. అందులో అక్క పెళ్లి ఫొటోలున్నాయి, తాతయ్య మాట్లాడిన వీడియో ఉంది, బీటెక్ ప్రాజెక్ట్ ఉంది. ఆన్‌లైన్‌లో ఓ డాక్ తెప్పించారు. టోస్టర్‌లో బ్రెడ్ పెట్టినట్టు డిస్క్‌ని అందులో నిలబెట్టారు. లైటు వెలిగింది. ల్యాప్‌టాప్‌లో ‘దిస్ పీసీ’ తెరిస్తే... సీ డ్రైవ్, డీ డ్రైవ్. అంతే, మూడోది లేదు.

ఇక్కడ మనవాళ్లు రెండు రకాలు. కొందరు ‘డిస్క్ చచ్చింది’ అని తీర్మానించేసి డ్రాయర్‌లో పడేస్తారు. ఇంకొందరు స్క్రీన్ మీద ఏ బాక్స్ వస్తే దానికి ఓకే కొట్టుకుంటూ పోతారు. మొదటివాళ్లు బతికున్న డిస్క్‌కి దినం పెట్టేస్తున్నారు. రెండోవాళ్లు బతికున్న డేటాని చేతులారా చెరిపేస్తున్నారు. రెండోదే పెద్ద ప్రమాదం. డ్రాయర్‌లో పడున్న డిస్క్‌ని రేపైనా తీసి చూడొచ్చు, చెరిపేసినదాని సంగతి అలా కాదు.

అసలు ‘డిటెక్ట్ అవ్వట్లేదు’ అనేది జబ్బు కాదు, జ్వరం లాంటి లక్షణం. దాని వెనక కారణం కరెంటు కావచ్చు, కేబుల్ కావచ్చు, విండోస్ కావచ్చు. ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

డాక్ అంటే ఓ దుబాసీ

డిస్క్ మాట్లాడేది సాటా భాష. మీ ల్యాప్‌టాప్ పోర్ట్‌కి తెలిసింది యూఎస్‌బీ భాష. డాక్ లోపల ఉండే చిన్న బ్రిడ్జ్ చిప్ ఈ రెండింటి మధ్య దుబాసీలా కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెబుతుంది. అంటే డిస్క్‌లోని ఫొటో మీ స్క్రీన్ మీదికి రావాలంటే ఐదు మజిలీలు దాటాలి. కరెంటు, కేబుల్, డాక్‌లోని చిప్, విండోస్, చివరిగా డిస్క్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో రాసిపెట్టిన పట్టిక. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మనకు కనిపించేది ఒకటే, ఖాళీ. అందుకే మొదటి మజిలీ నుంచి వరసగా చూసుకుంటూ రావాలి.

అంతకంటే ముందు ఒక్క నియమం. కారణం దొరికేవరకూ మూడు బటన్లు ముట్టుకోవద్దు.

ఒకటి ‘ఫార్మాట్’. ‘ఈ డిస్క్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ చాలా మర్యాదగా అడుగుతుంది. ‘ఇందులో ఏముందో నాకు చదవడం రాలేదు’ అని చెప్పడానికి దానికున్న పద్ధతి అది. క్యాన్సిల్ కొట్టండి.

రెండు ‘ఇనిషియలైజ్’. ఇది డిస్క్ మొదట్లో ఉన్న పాత పార్టిషన్ల వివరాలు తీసేసి కొత్తవి రాస్తుంది. ఫైళ్లు వెంటనే పోవు గానీ వాటికి దారి చూపే మ్యాప్ పోతుంది. దీనికీ క్యాన్సిలే.

మూడు, రెండు డిస్క్‌లు పట్టే డాక్‌ల మీద ఉండే ‘క్లోన్’ బటన్. కంప్యూటర్ అవసరం లేకుండానే ఒక డిస్క్‌ని ఇంకోదాని మీదికి మక్కీకి మక్కీ దించేస్తుంది. ఏది సోర్స్, ఏది టార్గెట్ అన్నది తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పెళ్లి ఫొటోల మీద కూర్చుంటుంది. పైగా కొన్ని డాక్‌లు క్లోన్ మోడ్‌లో ఉన్నప్పుడు కంప్యూటర్‌కి అసలు కనిపించవు. మీది రెండు స్లాట్ల డాక్ అయితే, ప్రస్తుతానికి ఒక్క డిస్కే పెట్టి పరీక్షించండి.

మొదట చెవి పెట్టండి

డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టులు, 5 వోల్టులు రెండూ కావాలి. ల్యాప్‌టాప్‌లో ఉండే 2.5 అంగుళాల డిస్క్‌కి 5 వోల్టులు చాలు. యూఎస్‌బీ పోర్ట్ ఇచ్చేది 5 వోల్టులే. అది కూడా యూఎస్‌బీ 2.0 అయితే 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. కాబట్టి చిన్న డిస్క్ యూఎస్‌బీ కరెంటుతో తిరిగినా, పెద్ద డిస్క్ మాత్రం డాక్‌కి సొంత అడాప్టర్ పెడితే గానీ కదలదు.

డిస్క్ పెట్టి, స్విచ్ వేసి, ఫోన్ పక్కన పెట్టేసి దగ్గరగా వినండి. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ ‘స్స్...’ అంటూ వేగం అందుకుని, సన్నని హోరుతో నిలకడగా తిరుగుతుంది. చేత్తో తాకితే కొంచెం అదురు తెలుస్తుంది. తిరగడం మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలుపెడుతూ ఉంటే ముందు అనుమానించాల్సింది కరెంటునే. డిస్క్ కదలడం మొదలైన ఆ కొన్ని సెకన్లలోనే ఎక్కువ కరెంటు లాగుతుంది. మామూలుగా తిరిగేటప్పుడు అంత అక్కర్లేదు.

ఇక్కడే మనిళ్లలో జరిగే ఓ తమాషా. డాక్ అడాప్టర్ కనపడదు. వైఫై రౌటర్ అడాప్టర్ పిన్ను సరిగ్గా పట్టేస్తుంది. అదీ 12 వోల్టులే కదా అని పెట్టేస్తాం. లైటు వెలుగుతుంది కూడా. కానీ రౌటర్ అడాప్టర్ మీద చాలాసార్లు 1 ఆంపియర్ అనో, ఇంకా తక్కువో రాసుంటుంది. డాక్‌తో వచ్చేది సాధారణంగా 2 లేదా 3 ఆంపియర్లది. లైటుకి ఆ కరెంటు చాలు, డిస్క్‌ని తిప్పడానికి చాలదు. అందుకే లైటు వెలిగినంత మాత్రాన కరెంటు సరిపోతోందని కాదు. డాక్ కింద స్టిక్కర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు ఉందో చూసి, అడాప్టర్ మీద అంకెలతో సరిపోల్చండి. వోల్టులు, ప్లస్-మైనస్ గుర్తు అచ్చంగా అవే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువుండకూడదు. పాత ల్యాప్‌టాప్ చార్జర్ పిన్ను పట్టింది కదా అని మాత్రం అస్సలు పెట్టొద్దు. అవి చాలావరకు 19 వోల్టులవి. డిస్క్ సర్క్యూట్ కాలిపోతుంది.

ఎస్‌ఎస్‌డీ అయితే తిరిగేదేమీ ఉండదు కాబట్టి శబ్దం రాదు. దానికి ఈ చెవి పరీక్ష పనికిరాదు.

ఇంకో చిన్న సంగతి. డాక్ స్విచ్ ఆఫ్ చేసి, డిస్క్‌ని స్లాట్‌లో నిటారుగా చివరిదాకా దించి, ఆ తర్వాత ఆన్ చేయండి. ముఖ్యంగా 2.5 అంగుళాల డిస్క్ పెద్ద స్లాట్‌లో వదులుగా కూర్చుని ఓ పక్కకి ఒరుగుతుంది. చూడ్డానికి దిగినట్టే ఉంటుంది, పిన్నులు మాత్రం తగలవు. ఫోన్ టార్చ్ వేసి స్లాట్ లోపల దుమ్ము, వంగిన పిన్ను ఏమైనా ఉందేమో కూడా చూడండి.

ఆ టైప్-సీ కేబుల్ ఎక్కడిది?

డిస్క్ చక్కగా తిరుగుతోంది, అయినా కంప్యూటర్ నుంచి ‘టింగ్’ అన్న శబ్దం కూడా రాలేదా? అయితే రెండో మజిలీ, కేబుల్. డాక్‌కి టైప్-సీ పోర్ట్ ఉంటే మన చేయి ఫోన్ చార్జర్ కేబుల్ మీదికే వెళ్తుంది. చివర ఆకారం ఒకటే అయినంత మాత్రాన లోపలి తీగలు ఒకటే కావు. ఫోన్లతో వచ్చే చాలా కేబుళ్లలో యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. కొన్ని చవకరకం వాటిలో చార్జింగ్ తీగలు తప్ప డేటా తీగలే ఉండవు. డాక్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబులే వాడండి. అదీ పాతదైతే ఇంకోటి మార్చి చూడండి.

పోర్ట్ విషయంలో కూడా అంతే. మధ్యలో హబ్బులు, ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు తీసేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వదిలేసి వెనకవైపు మదర్‌బోర్డ్ మీదున్న వాటికి పెట్టండి. ముందువైపు పోర్టులు లోపల ఇంకో తీగ ద్వారా వస్తాయి, అది వదులైనా సమస్యే.

ఒక మంచి పరీక్ష ఉంది. యూఎస్‌బీ 3.0 కేబుల్‌లో పాత 2.0 పిన్నులు నాలుగూ ఉంటాయి, అదనంగా వేగం కోసం ఇంకో ఐదు ఉంటాయి. అదే కేబుల్‌ని 2.0 పోర్ట్‌కి పెడితే పాత నాలుగే పనిచేస్తాయి. నీలం రంగు పోర్ట్‌లో కనిపించని డాక్, మామూలు నల్ల పోర్ట్‌లో కనిపించిందంటే డిస్క్ క్షేమం. గొడవంతా ఆ వేగం పిన్నుల దగ్గరో, ఆ పోర్ట్ డ్రైవర్ దగ్గరో ఉంది. 2.0లో కాపీ నెమ్మదిగా అవుతుంది, అయినా అర్జెంటు ఫొటోలు ముందు అలాగే తీసేసుకోవచ్చు.

మీ ఫోనే టెస్టర్

దోషం డిస్క్‌దా, డాక్‌దా, కంప్యూటర్‌దా? ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడండి. అదే డాక్‌లో ఇంకో డిస్క్ పెట్టండి. అది కనిపిస్తే డాక్, కేబుల్, కంప్యూటర్ మూడూ నిర్దోషులు. అదీ కనిపించకపోతే డాక్‌ని ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌కి పెట్టండి. అక్కడ కనిపిస్తే తప్పు మీ కంప్యూటర్‌లో ఉంది. రెండు చోట్లా కనిపించకపోతే అనుమానం డాక్, కేబుల్, అడాప్టర్ల మీదికి వెళ్తుంది. రెండూ మూడూ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు.

రెండో కంప్యూటర్ లేదా? టైప్-సీ ఫోన్ ఉంది కదా. సొంత అడాప్టర్ ఉన్న డాక్‌ని ఓటీజీతో ఫోన్‌కి కలపండి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ ఆన్ చేయాలి. విండోస్ డిస్క్‌లు ఎక్కువగా ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఉంటాయి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని చదవలేవు. అయినా ఫర్వాలేదు. ‘ఈ యూఎస్‌బీ డ్రైవ్‌ని సపోర్ట్ చేయదు’ అని నోటిఫికేషన్ వచ్చినా మనకు శుభవార్తే. డాక్ పలికింది, డిస్క్ పలికింది అని అర్థం. ఫోన్ కూడా అక్కడ ‘ఫార్మాట్ చేయాలా’ అని అడుగుతుంది. దానికీ అదే జవాబు, వద్దు.

విండోస్‌కి కనిపించి, మీకు కనిపించకపోతే

ఇప్పుడు కంప్యూటర్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. ‘దిస్ పీసీ’ చూపించేది అక్షరం ఉన్న డ్రైవ్‌లని. ఇది అక్షరం లేనివాటిని కూడా చూపిస్తుంది. కింది భాగంలో మీ డిస్క్ సైజుకి దగ్గరగా ఉన్న డబ్బా కనిపిస్తే గండం చాలావరకు గట్టెక్కినట్టే. దాని మీద ఏం రాసుందో చూడండి.

పార్టిషన్ ‘హెల్దీ’ అని ఉండి అక్షరం మాత్రం లేకపోతే, రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్’లో ఏదో ఒక ఖాళీ అక్షరం ఇవ్వండి. దీనివల్ల డేటాకి ఏమీ కాదు. పక్కనే ‘ఈఎఫ్ఐ’, ‘రికవరీ’ అని ఉండే చిన్న పార్టిషన్లకి అక్షరం లేకపోవడం మామూలే, వాటిని కదపొద్దు.

‘ఆఫ్‌లైన్’ అని ఉంటే, ఎడమవైపు డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘ఆన్‌లైన్’ చేయండి. క్లోన్ చేసిన డిస్క్‌ల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. ఒకే గుర్తింపు సంఖ్యతో రెండు డిస్క్‌లు కనిపిస్తే విండోస్ ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది.

తాళం గుర్తు వేసి బిట్‌లాకర్ కీ అడిగితే, అది పాత ల్యాప్‌టాప్ డిస్క్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ ఇస్తే గానీ తెరుచుకోదు. ఆ ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి చూడండి, కీ చాలాసార్లు అక్కడే సేవ్ అయి ఉంటుంది. పాత ల్యాప్‌టాప్ అమ్మేసినా ఆ అకౌంట్‌ని మాత్రం డిలీట్ చేయొద్దని చెప్పేది ఇందుకే.

మ్యాక్‌లోనో లైనక్స్‌లోనో వాడిన డిస్క్ అయితే విండోస్‌కి ఆ లిపి రాదు. మళ్లీ ఫార్మాట్ బాక్సే పెడుతుంది. దాన్ని దాని సొంత సిస్టమ్‌లోనే తెరవండి.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కూడా ఆనవాలు లేకపోతే ‘డివైస్ మేనేజర్’ తెరవండి. డాక్ పెట్టిన ప్రతిసారీ ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ అని పసుపు గుర్తుతో ఏదైనా వస్తోందా? అంటే దుబాసీ నోరు తెరిచాడు గానీ మాట తడబడుతోంది. కేబుల్, పోర్ట్ ఇప్పటికే మార్చి చూశారు కాబట్టి దాని మీద రైట్ క్లిక్ చేసి ‘అన్ఇన్‌స్టాల్ డివైస్’ కొట్టి, డాక్ తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ పెట్టండి. విండోస్ డ్రైవర్‌ని కొత్తగా ఎక్కించుకుంటుంది.

కనిపించి కాసేపటికి మాయమైతే అది కరెంటు పొదుపు వ్యవహారం కావచ్చు. డివైస్ మేనేజర్‌లో ‘యూఎస్‌బీ రూట్ హబ్’ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. పవర్ ఆదా కోసం డివైస్‌ని ఆపేయొచ్చు అన్న చోట టిక్ తీసేయండి. డాక్‌లు కూడా కొంతసేపు పని లేకపోతే డిస్క్‌ని నిద్రపుచ్చుతాయి. మళ్లీ తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఆలస్యమైతే కంగారు పడొద్దు.

డిస్క్ మంచిదే, డాక్ మంచిదే, జోడీ కుదరలేదు

అన్నీ బాగుండి కూడా ‘రా’ అనో, ‘నాట్ ఇనిషియలైజ్డ్’ అనో చూపించే సందర్భాలున్నాయి. ఎక్కువమంది డేటా పోగొట్టుకునేది ఇక్కడే.

మొదటిది సైజు. చాలా పాత డాక్‌ల చిప్‌లకి 2 టీబీ దాటి లెక్క రాదు. 3 టీబీ డిస్క్ పెడితే 746 జీబీ అని చూపిస్తుంది. ఆ అంకె కనిపించిందంటే డిస్క్ పాడవలేదు, డాక్ పాతది. దాని మీద ఏమీ రాయకుండా తీసేసి కొత్త డాక్‌లో పెట్టండి.

రెండోది, డబ్బా మారడం. ఎక్స్‌టర్నల్ డిస్క్ కింద పడి పోర్ట్ విరిగితే, పైడబ్బా విప్పి లోపలి డిస్క్‌ని డాక్‌లో పెడతాం. అయితే విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో 2 టీబీ దాటిన డిస్క్‌లు పనిచేయాలని కొన్ని డబ్బాల్లోని చిప్‌లు 512 బైట్ల ముక్కల్ని 4096 బైట్ల ముక్కలుగా చూపించేవి. పొలంలో గజాల్లో కొలిచిన హద్దుల్ని ఎకరాల్లో చదివితే ఎలా ఉంటుందో అలా, కొత్త డాక్‌కి ఆ పట్టిక అర్థం కాదు. ఇంకొన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లలో మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా, ఆ చిప్పే డేటా అంతా ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. రెండింటికీ మందు ఒకటే. డిస్క్‌ని మళ్లీ దాని పాత బోర్డుకే కలిపి, ఫైళ్లు బయటికి తీసుకోవాలి. విరిగిన పోర్ట్‌ని మొబైల్ రిపేర్ షాపులో సోల్డరింగ్ చేయించుకోవచ్చు. అందుకే ఆ పాత డబ్బా, అందులోని చిన్న బోర్డు పారేయకండి.

మూడోది ఎం.2 ఎస్‌ఎస్‌డీలు. చూడ్డానికి ఒకేలా ఉన్నా కొన్ని సాటా, కొన్ని ఎన్‌వీఎంఈ. సాటా మాత్రమే తెలిసిన డాక్‌లో ఎన్‌వీఎంఈ పెడితే ఎన్నాళ్లు చూసినా కనిపించదు. కొనేముందే ఎస్‌ఎస్‌డీ మీద స్టిక్కర్ చదవండి.

ఎక్కడ ఆగాలి?

‘టక్... టక్... టక్’ అని లయగా కొట్టుకుంటున్న శబ్దం, లేదా గీరుతున్న శబ్దం వస్తే వెంటనే స్విచ్ ఆపేయండి. ఇంకోసారి చూద్దాం అనుకునే ప్రతిసారీ లోపలి హెడ్ పళ్లేన్ని గీసే అవకాశం ఉంది. ఫ్రీజర్‌లో పెట్టమని, ఇంట్లోనే మూత విప్పమని చెప్పే వీడియోల్ని నమ్మొద్దు. ఫోన్‌లో ఇప్పటికే ఆ శబ్దం రికార్డ్ అయి ఉంటే డేటా రికవరీ వాళ్లకి వినిపించండి, లేకపోతే దానికోసం మళ్లీ ఆన్ చేయకండి. డేటా రికవరీకి అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు. కాబట్టి ఆ ఫొటోల విలువ ఎంతో మీరే నిర్ణయించుకోవాలి.

శబ్దం మామూలుగానే ఉండి ఫోల్డర్లు తెరవడానికి యుగాలు పడుతుంటే, ‘క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపో ఎరుపో చూపిస్తే రిపేర్ కోసం ‘చెక్‌డిస్క్’ రన్ చేయొద్దు. అది బలహీనమైన డిస్క్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తిస్తుంది, పైగా దాని మీద మార్పులు రాస్తుంది. ఓపిక ఉన్నప్పుడే విలువైనవి ముందు కాపీ చేసుకోండి. అంటే ఫొటోలు, వీడియోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు. సినిమాలు, గేమ్‌లు మళ్లీ దొరుకుతాయి.

ఇక అదృష్టం బాగుండి డిస్క్ తెరుచుకుందనుకోండి. ‘హమ్మయ్య’ అని డ్రాయర్‌లో పెట్టేయకండి, ఆ రోజే కాపీ చేయండి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ వల్ల ప్రచారంలోకి వచ్చిన 3-2-1 సూత్రం గుర్తుపెట్టుకోండి. ముఖ్యమైన ఫైళ్లు 3 కాపీలు, 2 రకాల పరికరాల్లో, అందులో 1 ఇంటి బయట. ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఇంకో డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో ఊళ్లో అక్క వాళ్లింట్లోనో ఒకటి. అంతా కాపీ అయ్యాక ‘సేఫ్లీ రిమూవ్’ కొట్టి, డిస్క్ తిరగడం ఆగాకే డాక్ నుంచి తీయండి. తీశాక ఓ స్టిక్కర్ అంటించి, అందులో ఏముందో, ఏ సిస్టమ్‌లో వాడారో రాసిపెట్టండి. ఆ డాక్ అడాప్టర్ మీద కూడా ‘డాక్’ అని రాయండి. లేకపోతే రెండేళ్ల తర్వాత అది రౌటర్‌కీ, రౌటర్‌ది డాక్‌కీ వెళ్లిపోతాయి.